ఊరికే కట్టిన బోర్డు

ఆయనతో వేగడం ఎంత కష్టమో ఆవిడకే తెలుసు. తాగరు, పేకాడరు, గట్టిగా అరవనైనా అరవరు. ఉన్నదల్లా ఒక్కటే జబ్బు: ఇంట్లో ప్రతి వస్తువూ ఇప్పుడు అమ్మితే ఎంత పలుకుతుందో తెలియాలి. అమ్మరు, ఊరికే తెలియాలి. ఒకసారి పొయ్యి మీద కూతపెడుతున్న కుక్కర్ని పాతసామాన్లవాడికి చూపించి బేరమాడారు. వీధివాళ్ళు చాటుగా ఆయన్ని రేటుగారంటారు.

ఆ ఆదివారం ఉదయం కాఫీ తాగి, గేటుకి "ఇల్లు అమ్మబడును" అని అట్ట కట్టారు.

"ఏంటండీ ఇది? ఇల్లు అమ్మేస్తున్నామా?"

"అమ్మడానికి కాదే. ఎంతిస్తారో తెలుసుకోవడానికి. సాయంత్రం తీసేస్తాను."

"తెలుసుకుని?"

"సంతోషిద్దాం."

సంతోషించడానికి ఆవిడకి ధర అక్కర్లేదు. గీత గీసినట్టున్న కాలనీ, మధ్యలో పార్కు, పార్కులోంచే బడికి దారి. వాళ్ళ పాప ఒక్క రోడ్డూ దాటకుండా బడికెళ్ళి వస్తుంది. ఆ ఒక్క సుఖం కోసం ఒంటిమీది నగలన్నీ తీసిచ్చి ఈ ఇల్లు కొనిపించింది.

రేటుగారి ఉద్యోగం ఊరి ప్లానింగ్ ఆఫీసులో మ్యాపులు గియ్యడం. ఆ సంగతి ఆ ఉదయం ఆయన మరిచిపోయారు, వీధి మరిచిపోలేదు. ఎదురింటి పళ్ళడాక్టరు నోట్లో బ్రష్షుతోనే వచ్చేశాడు.

"ఏమన్నా వస్తోందా గురూగారూ, ఇటువైపు?"

"అబ్బే, ఏం లేదండీ. ఊరికే కట్టాను."

"ఇల్లు ఊరికే ఎవరమ్ముతారండీ? రోడ్డా? మురుక్కాలవా? నాకొక్కడికే చెప్పండి."

రేటుగారు నవ్వారు. నిజం చెప్పినా నమ్మనివాడితో ఇంకేం చేస్తారు? ఆ నవ్వే కొంప ముంచింది. భోజనాల వేళకి డాక్టరు గేటుకీ బోర్డు వేలాడింది. అది చూసి పక్కింటి హెడ్మాస్టారు, డాక్టరు కన్నా తక్కువకే ఇస్తానని పెద్దక్షరాలతో రాయించారు.

"ముందా అట్ట పీకండి మహానుభావా!" అంది ఆవిడ. పీకేశారు.

అట్ట మాయమవడం చూసి వీధి గుండె జారిపోయింది. "అమ్మేసుకున్నాడు! తను గట్టెక్కేశాడు!" మర్నాటికి బోర్డు లేని గేటు రేటుగారిదొక్కటే.

ఆయన ఇల్లిల్లూ తిరిగారు. "మా పాప మీద ఒట్టు మాస్టారూ, ఏమీ రావట్లేదు!"

"మీకేం నాయనా, సొమ్ము చేతిలో పడింది," అన్నారు హెడ్మాస్టారు మెత్తగా. "పిల్ల మీద ఒట్టేసేదాకా వచ్చారంటే, పెద్దదే వస్తోందన్నమాట."

బ్రోకరు ఎంతిస్తే అంతకి అమ్మేసుకుని ఒక్కొక్కరే లారీలెక్కారు. డాక్టరు కూతురు వెళ్ళిపోయిన సాయంత్రం, పాప పార్కులో తూగుడుబల్ల ఒక చివర కూర్చుంది. రెండో చివర గాల్లో ఉంది.

"అమ్మా, నువ్వు అవతల కూర్చోవా?"

ఆవిడ కూర్చుంది. పాప పైకి లేచింది, మరి కిందికి రాలేకపోయింది.

కొత్త రోడ్డు ఎటు వెయ్యాలో తేలక ఏళ్ళుగా తల పట్టుకున్న పెద్దాఫీసర్లకి, ఇంత చవగ్గా, ఇంత ఖాళీగా ఉన్న వీధి ఊరంతటిలో ఇంకోటి కనబడలేదు. మ్యాపు గియ్యమని కాగితాలు రేటుగారి బల్ల మీదికే వచ్చాయి. ఎర్రగీత పార్కులోంచి, తూగుడుబల్ల మీదుగా, రేటుగారి సొంత వంటింట్లోంచి పోయింది. తన ఇల్లే అయినా గీత మాత్రం తిన్నగా వచ్చింది. పనిలో ఆయనకి వంక పెట్టలేం.

ఆ సాయంత్రం చెప్పులతోనే గడపలో కూలబడ్డారు.

"ఇంటికి ఎంతిస్తారో తెలిసిందే."

"ఎంత?"

చెప్పారు. ఆవిడ ఖాళీ వీధికేసి చూసింది. "మరి, సంతోషిద్దామా?"

రేటుగారు తలెత్తలేదు. "తప్పు నాదే. డాక్టరుదీ కాదు, మాస్టారిదీ కాదు. నాదే."

ఎంత పలుకుతుందో కనుక్కోకుండా ఆయన ఊరికే ఇచ్చేసినది ఆ ఒక్క మాటే.