కపితాన్ గారి కంప్యూటర్‌లో చోటు

పరిపాలన ప్రజల గుమ్మంలోకి రావాలంటే ముందు కంప్యూటర్ కొత్తదైపోవాలి! ఈ మహావాక్యం మా బరంగాయ్ కపితాన్, అనగా మా పేట పెద్ద, క్రిసాంతో దిమయుగా గారిది. ఆయన బొమ్మతో సహా దాన్ని ఫ్లెక్సీ వేయించి ఆఫీసు గోడకి కట్టించారు. ఆఫీసు సెక్రటరీని కనుక తాడు పట్టుకున్నది నేనే.

కొత్తదనం సోమవారం మొదలైంది. అప్‌డేట్ సగందాకా వెళ్లి, చోటు చాలదంటూ చతికిలబడింది. ఇక చూడండి! ఒక అక్షరం నొక్కితే, అది తెరమీదికి వచ్చేలోపు కాఫీ తాగి కప్పు కూడా కడుక్కోవచ్చు.

ఆ శుభసమయంలోనే చేపలమ్మే పురిసిమ పరుగెత్తుకొచ్చింది. మొగుడికి కడుపు ఆపరేషన్ అయింది. బీదవాళ్లమని బరంగాయ్ కాగితం చూపిస్తే ఆసుపత్రివాళ్లు బిల్లు మాఫీ చేసి ఇంటికి పంపిస్తారు. ఆ కాగితాలు తీసుకునే కౌంటర్ నాలుగింటికి మూసేస్తారు.

"చేత్తో రాసిచ్చెయ్ సెక్రటరీ, నీకు పుణ్యముంటుంది!"

"చేతిరాతా! మనది కంప్యూటర్ బరంగాయ్ అక్కా, ఫ్లెక్సీ చూళ్లేదా?" అన్నాను. అనక చస్తానా, కపితాన్ పక్కనే ఉన్నాడు.

కపితాన్ వెంటనే రోడెల్‌ని పిలిపించాడు. జ్ఞానస్నానంలో ఆయన చేతుల్లోకి తీసుకున్న కొడుకు వాడు, అందుకే ఆయన్ని 'నీనొంగ్', అంటే జ్ఞానతండ్రీ, అని పిలుస్తాడు. పెళ్లిళ్లకి పాటల పెట్టెలు అద్దెకిస్తాడు గనక మా పేటకి సాంకేతిక నిపుణుడూ వాడే. కంప్యూటర్ పెట్టెకి చెవి ఆనించి విన్నాడు, రెండు చరుపులు చరిచాడు.

"నీనొంగ్, దీనికి రోగం లేదు, అజీర్తి! కడుపు నిండా ఫోటోలే. అన్నీ మీవే!"

"కొన్ని తీసేద్దామా?" అన్నాను, నోరు జారి.

"ఏవో చూపించు," అన్నాడు కపితాన్.

బియ్యం పంచుతున్న కపితాన్. సార్డీన్ చేపల డబ్బాలు పంచుతున్న కపితాన్. మోకాలి లోతు వరదలో కపితాన్.

"ఇది కూడా అదే వరద, కపితాన్. మోకాలు కాస్త ఎడమకి జరిగిందంతే."

"ఆ మోకాలే జనానికి ధైర్యమయ్యా! ముట్టుకున్నావో జాగ్రత్త!"

"అయ్యా, మూడు దాటింది!" అని పురిసిమ గోలపెట్టింది.

"ఫోటోలు కాక లోపల ఇంకేమున్నాయి?" అడిగాడు కపితాన్.

"బీదవాళ్ల ఫైళ్లు. ఇళ్లూ, చూర్లూ, రేకుల చిల్లులూ అన్నీ బొమ్మలు తీసి పెట్టాం. అవీ బరువే."

"మరింకేం, తీసిపారెయ్! బీదవాళ్లకేం కొదవ, మళ్లీ దొరుకుతారు!"

నొక్కాను. అబ్బ, ఏం వేగం! ఆగిన అప్‌డేట్ పూర్తయింది, తెర తళతళలాడింది. రోడెల్ తన చప్పట్లు తనే కొట్టుకున్నాడు. పురిసిమ పేరు కొట్టీ కొట్టకముందే జవాబు వచ్చేసింది. ఆ పేరుగల బీదవారు లేరట! అనుమానమొచ్చి కంప్యూటర్ చేత పేటంతా వెతికించాను. ఈ బరంగాయ్‌లో బీదవారే లేరట!

కపితాన్ కళ్లు చెమర్చాయి. "చూశారా! నా హయాంలో పేదరికం పోయింది! ఒరే రోడెల్, ఇంకో ఫ్లెక్సీ కొట్టించు! అమ్మా పురిసిమా, శుభాకాంక్షలు, ఇలా వచ్చి నిలబడు, ఒక ఫోటో!"

పురిసిమ కదల్లేదు. కళ్లు తుడుచుకుని నడుం మీద చెయ్యేసుకుంది.

"సరే కపితాన్, మేం లేం. ఆ పెద్ద గేట్ల ఇళ్లవాళ్లు నీకెన్నడైనా ఓటేశారా? బియ్యం సంచీలు మోసుకుని నువ్వు తిరిగింది మా సందుల్లోనేగా! మరి వచ్చే ఎన్నికల్లో నీకు ఓటేసేదెవరు, ఈ పెట్టా?"



"సెక్రటరీ! కలమేదీ?" అని కపితాన్ కేకేశాడు. "చేత్తో రాయవయ్యా! చేతిరాతకున్న నిండుదనం యంత్రానికెక్కడిది!"

రాశాను. సిరా ఆరకముందే లాక్కుని పురిసిమ పరుగుతీసింది. కౌంటర్ మూస్తుండగా కాగితం లోపలికి తోసిందట. మొగుడు ఇల్లు చేరాడు.

కపితాన్ మాత్రం పోయిన పేర్లు మళ్లీ రాసుకోమని నన్ను వెంటేసుకుని సందుసందూ తిరిగాడు. "కాస్త బీదవాళ్లమని ఒప్పుకోండి బాబూ!" అంటూ గుమ్మంగుమ్మానికీ బతిమాలాడు. చీకటిపడేసరికి మా బరంగాయ్ మళ్లీ బీదదైపోయింది. కపితాన్ హమ్మయ్య అనుకున్నాడు.