ఎనిమిదో తరగతి గాలి

అలిపిరి దగ్గర ఉన్న ఆ ప్రభుత్వ బడిలో ఎనిమిదో తరగతి కిటికీలు ఎప్పుడూ తెరవరు. తెరిస్తే కొండ దిగి వచ్చిన కోతులు క్యారియర్లు ఎత్తుకుపోతాయి. మధ్యాహ్నం లెక్కల పాఠం మొదలైతే చాలు, సగం మంది పిల్లలు బెంచీల మీద వాలిపోతారు. తన పాఠమే అంత చప్పగా ఉందేమోనని హెడ్‌మిస్ట్రెస్ కృపామణి చాలాకాలం దిగులుపడింది. గాలాడకపోతే ఎవరికైనా నిద్ర ముంచుకొస్తుందని సైన్సు మాస్టారు గిరిప్రసాద్ చెప్పాకే ఆమె మనసు కుదుటపడింది.

ఆ ఉదయం గాలి కొలిచే మీటరుతో ఆఫీసరు రూపశ్రీ రాబోతోంది. గాలి బాగున్న బడికి బహుమతిగా ఎగ్జాస్ట్ ఫ్యాన్లు ఇస్తారని కృపామణి నమ్మకం.

"చెంగయ్యా, ఈ ఒక్క పొద్దుకు కిటికీలు తెరువప్పా. ఆయమ్మ అడిగితే రోజూ తెరిసే ఉంటాయని చెప్పు."

అటెండరు చెంగయ్య తెరిచాడు. ఏళ్ళనాటి దుమ్మూ బూజూ పిల్లల నెత్తిన పడ్డాయి. అతను చీపురు అందుకునేసరికి గదిలో మనిషికి మనిషి కనబడలేదు. తుమ్ములు విని, మధ్యాహ్న భోజనం వండే దేవకమ్మ పరుగెత్తుకొచ్చింది. ఏది వేసినా ఆవిడది పెద్ద చెయ్యి.

"గాలి సూసేదానికి ఆఫీసరమ్మ వస్తా ఉంటే ఈ దుమ్ము వాసనేంది సార్?" అంటూ, గిరిప్రసాద్ వారించేలోపే పొయ్యిలోంచి తెచ్చిన నిప్పుల మీద రెండు గుప్పిళ్ళ సాంబ్రాణి పోసింది.

అప్పుడే కోతులు దిగాయి. "మూయండబ్బా!" అని గిరిప్రసాద్ కేకేశాడు. కోతులు బయట, పొగ లోపల. ఆ పొగలోకే రూపశ్రీ అడుగుపెట్టింది. మీటరు కుయ్యోమంది.

"ఈ పొగను లెక్కలోకి తీసుకోను," అంది ఆమె కళ్ళు తుడుచుకుంటూ. "కిటికీలు రోజూ ఎలా ఉంటాయో అలాగే ఉంచండి, కొలుస్తాను."

"రోజూ తెరిసే ఉంటాయి మేడం. కోతులొచ్చినాయని ఇప్పుడే మూసినాము," అంది కృపామణి.

"అయితే మీకు ఫ్యాన్లు అక్కర్లేదు. కిటికీలు తెరవలేని గదులకే ఇస్తున్నాం." రూపశ్రీ మీటరు సంచిలో పెట్టేసుకోబోయింది.

కృపామణి సంచికి చెయ్యి అడ్డం పెట్టింది. "ఉండండి మేడం! చెంగయ్యా, నిజం చెప్పు!"

చెంగయ్య తల గోక్కున్నాడు. "ఏ నిజం మేడం? పొద్దున చెప్పమన్నదా, ఇప్పుడు చెప్పమంటా ఉండేదా?"

రూపశ్రీ నవ్వాపుకోలేకపోయింది. తలుపు బార్లా తీసి పొగంతా పోగొట్టి, మళ్ళీ మూసి, పిల్లల్ని కూర్చోబెట్టి కాసేపాగి కొలిస్తే మీటరు ఇంకోసారి కుయ్యోమంది. కృపామణి సంతోషం పట్టలేకపోయింది.

"ఎంత దరిద్రంగా ఉండాదో సూడండి మేడం!" అంది గర్వంగా.

నెల తిరక్కుండా రెండు ఫ్యాన్లు వచ్చాయి. ఇప్పుడు లెక్కల పాఠంలో ఎవరూ నిద్రపోవడం లేదు; వాటి మోతలో పాఠం కూడా ఎవరికీ వినబడడం లేదు.