నా హస్తవాసి, మా ఇంటి వైఫై

తరచూ పోయే వైఫై ఇంటికి శుభం. మీరు నవ్వుకోవచ్చు. ఎప్పుడూ పోని వైఫై ఉన్నవాళ్లు అలాగే నవ్వుతారు, పాపం. వాళ్ల ఇళ్లలో తండ్రి అనేవాడు ఏ గదిలో ఉన్నాడో ఎవరికైనా తెలుసా?

మా ఇంట్లో తెలుసు. కనీసం మొన్నమొన్నటి దాకా తెలుసు.

నేను రిటైరైన మనిషిని. ఆఫీసులో ఉన్నంతకాలం నా సంతకం లేనిదే ఫైలు కదిలేది కాదు. ఇంట్లో మాత్రం నేను లేకపోయినా అన్నీ చక్కగా కదులుతాయని రిటైరయ్యాకే తెలిసింది. కూరగాయలు నేను తెస్తే ముదిరినవి. బట్టలు నేను మడతపెడితే ఇంకొకరు విప్పి మళ్లీ మడతపెట్టాలి. టీవీ రిమోట్ విషయంలో నాకు ఓటుహక్కు లేదు. అలాంటి నాకు ఇంట్లో ఒక పరపతి కల్పించింది, హాల్లో చెప్పుల స్టాండు మీద కూర్చున్న రౌటర్!

అది ఎందుకు పోతుందో ఎవరికీ తెలియదు. మబ్బు పడితే పోతుంది. ఎండ కాస్తే పోతుంది. మిక్సీ వేస్తే పోతుంది. ఒక్కోసారి ఎవరూ ఏమీ అనకపోయినా అలిగి పోతుంది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే, మీ సమస్య మాకు చాలా ముఖ్యం అని ఒకమ్మాయి రికార్డు చేసిన గొంతుతో చెబుతుంది. నా సమస్య ముఖ్యమని ఈ మధ్య అన్నది ఆ అమ్మాయి ఒక్కతే కాబట్టి, నేను ఆ ఫోన్ అంత తొందరగా పెట్టేయను.

ఇక రిపేరు సంగతి. మా అబ్బాయి కంప్యూటర్లు చదివాడు. రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేస్తాడు, నెట్ రాదు. మళ్లీ చేస్తాడు, మళ్లీ రాదు. మా అమ్మాయి ఇంట్లోంచే ఆఫీసు పని చేస్తుంది. మీటింగ్ మధ్యలో పరుగెత్తుకొచ్చి టకటకా ఆఫ్, ఆన్ చేస్తుంది. రాదు. మా ఆవిడ దాన్ని తీసి ఫ్రిజ్ మీద పెడుతుంది, కొంగుతో తుడుస్తుంది, నెత్తిన ఒక మొట్టికాయ వేస్తుంది. అయినా రాదు. ఇక గతి లేక అప్పుడొస్తుంది పిలుపు.

"నాన్నా, నెట్ పోయింది. కాస్త చూడవా?"

నేను పేపరు మడిచి నింపాదిగా లేస్తాను. గోడ మీది స్విచ్ ఆపుతాను. వెనకాల వైర్లు బిగుతుగా ఉన్నాయో లేదో చూడాలి కదా, అందుకు కళ్లజోడు కావాలి. అది పిలిస్తే పలికే వస్తువు కాదు. దిండు కింద వెతుకుతాను, బాత్‌రూమ్ కిటికీలో వెతుకుతాను, చివరికి నా నుదుటి మీదే దొరుకుతుంది. అప్పుడు వైర్లన్నీ తడిమి స్విచ్ వేస్తాను. పచ్చ లైట్లు వెలుగుతాయి. నెట్ వస్తుంది.

"ఏమాటకామాటే చెప్పుకోవాలి, మీ చెయ్యి మంచిదండీ" అంది మా ఆవిడ ఒకసారి. పెళ్లయ్యాక నేను విన్న మొదటి మెచ్చుకోలు అది.

డాక్టర్లకు హస్తవాసి ఉండగా, నాకెందుకు ఉండకూడదు? పేరు పైవాటా దాకా పాకింది. అక్కడ ఉండే పెద్దమనిషి వచ్చి, ఒకసారి తమ రౌటర్ మీద కూడా చెయ్యి వేసి పొమ్మన్నాడు. వెళ్లి స్విచ్ ఆపాక, కళ్లజోడు ఇంట్లోనే మర్చిపోయానని గుర్తొచ్చింది. దిగి, వెతుక్కుని, మళ్లీ ఎక్కి స్విచ్ వేశాను. వచ్చింది. ఆ రోజు నుంచి ఆయన తన స్కూటర్‌ని మా మెట్లకు అడ్డంగా పెట్టడం మానేశాడు. పరపతి అంటే అదీ.

అంతా బాగుండగా, ఒకరోజు మా అమ్మాయి చేతులు కట్టుకుని నా వైద్యం మొదటి నుంచి చివరిదాకా చూసింది.

"నీ చేతిలో ఏం లేదు నాన్నా" అంది. "మేం ఆపిన వెంటనే వేసేస్తున్నాం. నువ్వు కళ్లజోడు వెతుక్కునేలోపు అది పూర్తిగా ఆగి, మళ్లీ మొదట్నించీ మొదలవుతోంది. కాసేపు ఆగితే చాలు, ఎవరు వేసినా వస్తుంది."

దీన్ని ఇంట్లో వాళ్లు సైన్సు అన్నారు. నేను కృతఘ్నత అంటాను.

ఇప్పుడూ నెట్ పోతూనే ఉంది. అబ్బాయి స్విచ్ ఆపి, ఒక పాట కూనిరాగం తీసి, వేస్తాడు. మా ఆవిడ స్విచ్ ఆపి, రెండు గిన్నెలు కడిగి, వేస్తుంది. వస్తోంది. నన్ను పిలిచేవాళ్లు లేరు. నా కళ్లజోడు కూడా ఇప్పుడు ఎక్కడికీ పోవడం లేదు. పొద్దుట్నుంచీ ముక్కు మీదే ఉంటోంది.

అయ్యా, నెట్ పోవడం మంచిదేనని నేను ఇప్పటికీ అంటాను. అసలు నెట్‌తో నాకేం పని? నా ఫోన్‌కి వచ్చేది కరెంటు బిల్లొక్కటే. నాకు కావలసింది ఆ పిలుపు. అది ఆగిపోయాక ఈ ఇంట్లో పగలు ఇంత పొడుగ్గా ఉంటుందని తెలిసింది.

నిన్న మధ్యాహ్నం వంటగదిలోంచి మా ఆవిడ గొంతు వినిపించింది.

"ఏవండీ, నెట్ పోయింది. ఒకసారి రండి."

లేచాను. వైద్యానికి ఒక పద్ధతి ఉంటుంది కదా. ముక్కు మీది కళ్లజోడు తీసి దిండు కింద పెట్టి, ఇల్లంతా వెతికి, దిండు కింద కనిపెట్టి, పెట్టుకుని వెళ్లాను. రౌటర్ మీద లైట్లన్నీ పచ్చగా వెలుగుతున్నాయి. మా ఆవిడ వంటగది బల్ల దగ్గర బఠాణీలు ఒలుస్తోంది. పక్కన ఇంకో కుర్చీ లాగి ఉంది.

"బానే ఉందిగా" అన్నాను.

"మీరు కళ్లజోడు వెతుక్కుంటుంటేనే వచ్చేసిందిలెండి. కూర్చోండి, ఇవి ఒలుద్దురు గాని."

కూర్చున్నాను. బఠాణీలు ముదిరిపోయి ఉన్నాయి. పొద్దున నేను తెచ్చినవే. ఆవిడ ఆ మాట ఎత్తలేదు. ముట్టుకోకుండానే నెట్ రప్పించిన మనిషి దగ్గర ఎవరైనా కాస్త మర్యాదగానే ఉంటారు.