బయట తాళం, లోపల నేను

నాకు ధైర్యం లేదని మా ఆవిడ సూర్యకళ అందరితో చెబుతుంది. మీరు నమ్మకండి. ధైర్యం ఉంది. దాన్ని బయటికి తీసే అవసరం రాకుండా జాగ్రత్తపడతాను, అంతే.

మల్లాపూర్‌లో రంగు డబ్బాలు తయారుచేసే ఫ్యాక్టరీలో నేను స్టోర్స్ గుమాస్తాని. పేరు త్రిమూర్తులు. పేరులో ముగ్గురున్నా భయపడే పని మాత్రం నేనొక్కడినే చేయాలి. కిందటి వేసవిలో మేనేజరు పిలిచి, సేఫ్టీ సూపర్‌వైజర్ పరీక్ష ఇప్పటికే రెండుసార్లు తప్పావని గుర్తుచేశాడు. ఈసారీ తప్పితే అన్నోజిగూడ గోడౌన్‌లో రాత్రి డ్యూటీ వేస్తానన్నాడు.

ఆ గోడౌన్‌లో ఎలుకలు పిల్లుల్ని తరుముతాయని మా లోడింగ్ వాళ్ళు చెబుతారు. రాత్రిళ్ళు ఖాళీ డ్రమ్ములు వాటంతటవే దొర్లుతాయని కూడా చెబుతారు. ఎలుకల సంగతి నేను నమ్మలేదు. డ్రమ్ముల సంగతి నమ్మాను. ఆ రోజు నుంచి అన్నం సయించలేదు.

ఎలాగైనా చదవాలి. చదవాలంటే ఏకాగ్రత కావాలి. అందుకని ఫోన్‌లో ఏకాగ్రత గురించిన వీడియోలు వారం పాటు ఏకాగ్రతతో చూశాను. ఆ వారమంతా పుస్తకం సూర్యకళ దగ్గరే ఉంది. అట్ట వేస్తానని తీసుకుని, చిక్కుడుకాయలు ఒలుస్తూ పేజీలు తిప్పుతూ కూర్చునేది.

"ఎప్పుడు చదువుతారండీ?" అంది ఒకరోజు.

"ముందు ఎలా చదవాలో తెలియాలి కదే," అన్నాను.

మన దృష్టి మళ్ళించే వాటిని ఒక్కొక్కటిగా తొలగించాలని వీడియోలన్నీ ఒకే మాట చెప్పాయి. టీవీ వైరు పీకి అటక మీద పడేశాను. టిక్కుటిక్కుమంటోందని గోడ గడియారం బ్యాటరీ తీసేశాను. పోపు వాసనకి మనసు వంటింట్లోకి పోతోందని, పరీక్ష అయ్యేదాకా పోపు పెట్టొద్దని సూర్యకళకి చెప్పాను. ఆమె కిక్కురుమనకుండా పోపు లేని పప్పు, పోపు లేని చారు వడ్డించింది. మర్నాటికి నేనే బతిమాలుకున్నాను.

ఇక మిగిలింది ఉప్పలయ్య. నాచారంలో మేముండే ఇంట్లో కింది వాటా వాళ్ళది, పై వాటా మాది. రిటైరైన బస్సు కండక్టరు. మా వీధిలో అందరూ ఆరా ఉప్పలయ్య అంటారు. నీళ్ళు వచ్చినయా అని బెల్లు కొడతాడు. వస్తే ఎన్ని బిందెలొచ్చాయో కనుక్కోవడానికి మళ్ళీ కొడతాడు. మనిషి మంచివాడే గానీ, అలాంటివాణ్ణి తొలగించడానికి వీడియోల్లో ఉపాయం చెప్పలేదు.

ఉపాయం నాకే తట్టింది. ఆదివారం సూర్యకళ ఉప్పల్‌లో చెల్లెలు రాజశ్రీ వాళ్ళింటికి వ్రతానికి పోతోంది. నేను లోపలుంటాను, నువ్వు బయట గడియ పెట్టి తాళం వేసుకుని పో అన్నాను. తాళం చూస్తే ఉప్పలయ్య కాదు కదా, పాలవాడు కూడా బెల్లు ముట్టుకోడు. ఫోను కూడా ఆమె సంచిలోనే వేశాను.

"మనిషిని లోపల పెట్టి తాళమేంటండీ? అసలు మీ పుస్తకంలో ఏముందో చూశారా?" అంది.

"అది చూడ్డానికేగా ఈ తాళం," అన్నాను.

ఆమె నా వంక ఒకసారి చూసి ఇంకేమీ అనలేదు. మా ఆవిడ ఏమీ అనకపోతే నాకు మొదటినుంచీ భయమే. గడియ పడిన చప్పుడు వినిపించింది, మెట్లు దిగిన చప్పుడు వినిపించింది. తర్వాత ఏ చప్పుడూ లేదు. ఇంట్లో ఇంత నిశ్శబ్దం ఉంటుందని నాకు తెలియదు.

పుస్తకం తెరిచాను. ముందుమాటలూ మొదటి పేజీలూ ఎవరు చదువుతారని నేరుగా గ్యాసు పాఠంలోకి దిగాను. సగం చదివేసరికి గ్యాసు వాసన వచ్చినట్టనిపించింది. పోయి రెగ్యులేటర్ కట్టేసి వచ్చాను. తర్వాత కరెంటు పాఠం. షార్ట్ సర్క్యూట్ గురించి చదువుతుంటే పైన ఫ్యాను చప్పుడు తేడాగా వినబడింది. మెయిన్ ఆఫ్ చేశాను. మే నెల, తలుపు మూసిన ఇల్లు, ఫ్యాను లేదు. చెమటలు కారిపోతున్నాయి గానీ, ఆ చెమట ఎండకో భయానికో నాకే తెలియలేదు.

రక్షణ సామగ్రి వేసుకుని సాధన చేయాలని తర్వాతి పాఠంలో ఉంది. ఫ్యాక్టరీలో ఇచ్చిన పసుపు హెల్మెట్టు పెట్టుకుని, ముక్కుకీ నోటికీ దుమ్ము మాస్కు కట్టుకున్నాను. పైకి చదివితేనే వంటబడుతుందని చిన్నప్పుడు మా నాన్న నేర్పాడు. అందుకని గదిలో అటూ ఇటూ తిరుగుతూ, "తోసుకోకండి, ఒకరి వెనక ఒకరు బయటికి పొండి, సామాను కోసం వెనక్కి రాకండి," అని గట్టిగా చదువుతున్నాను.

అప్పుడు తలుపు అవతల ఎవరో కదిలారు.

నా నోరు ఆగిపోయింది. చెప్పుల చప్పుడు. ఒక జత కాదు. గుసగుసలు. తలుపుకి ఎవరో చెవి ఆనించినట్టు చిన్నగా కిర్రుమన్న చప్పుడు. తాళం చూసి దొంగలొచ్చారు. పట్టపగలు, నన్ను లోపల పెట్టుకుని. ఫోను ఉప్పల్‌లో ఉంది. కిటికీలకి ఊచలున్నాయి. బయటికి పోవడానికి ఒక్కటే దారి, ఆ దారిలో వాళ్ళున్నారు.

ఏదైనా ఆయుధం దొరుకుతుందేమోనని వంటింట్లోకి పాకాను. రోకలి అందుకోబోతే స్టీలు పళ్ళేల స్టాండు మొత్తం కిందపడింది. బయట దడదడా మెట్లు దిగిన చప్పుడు. పారిపోయారు కాబోలని, మెట్ల వైపున్న వంటింటి కిటికీలోంచి తొంగిచూశాను. అక్కడ ఉప్పలయ్య భార్య సత్తమ్మ ముఖం ఉంది. ఆమె నా హెల్మెట్టునీ మాస్కునీ చూసి పెట్టిన కేకకి నేను మంచం కిందికి పోయాను. పాపం, సత్తమ్మని కూడా దొంగలు పట్టుకున్నారనుకున్నాను.

మళ్ళీ అడుగులొచ్చాయి. ఈసారి చాలా. హెల్మెట్టు చెవుల మీదికి జారి ఉండటంతో గొంతులు పోల్చుకోలేకపోయాను గానీ, ఒక మాట మాత్రం స్పష్టంగా వినబడింది.

"కట్టెలు వట్టుకొని నిలబడుండ్రి. తలుపు తియ్యంగనే కొట్టుడే."

నా ప్రాణం అరచేతిలోకి వచ్చింది. ఆ క్షణంలో అన్నోజిగూడ గోడౌన్ నాకు పుట్టిల్లులా కనిపించింది. డ్రమ్ములు దొర్లితే దొర్లాయి, కర్రలు పట్టుకోవు కదా.

ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు, గడియారంలో బ్యాటరీ లేదు. చివరికి గడియ జరిగింది. తలుపు తెరుచుకుంది. నేను మంచం కింది నుంచే చేతులు రెండూ బయటికి చాపి కళ్ళు మూసుకుని అరిచాను.

"బాబూ, కొట్టకండి. బంగారం బీరువాలో పట్టుచీరల అడుగున ఉంది. తాళంచెవి పసుపు డబ్బాలో ఉంది."

నా చేతుల మీద దెబ్బ పడలేదు.

"లేవండి," అంది సూర్యకళ.

కళ్ళు తెరిస్తే గుమ్మంలో మా ఆవిడ, ఆమె వెనక కర్రతో ఉప్పలయ్య, చీపురుతో సత్తమ్మ, మెట్ల మీద సగం నాచారం. తాళమేసిన ఇంట్లో ఎవడో తిరుగుతూ, సామాను వదిలి ఒకరి వెనక ఒకరు బయటికి పొమ్మని జతగాళ్ళకి చెబుతున్నాడని ఉప్పలయ్య విన్నాడట. సూర్యకళకి ఫోన్ చేశాడట. నెత్తి మీద పసుపు టోపీ ఉందా అని ఆమె అడిగిందట. ఉందనగానే, ఎవరూ కొట్టొద్దని చెప్పి ఆటో ఎక్కిందట.

"గిదేంది మూర్తన్నా, నువ్వు లోపలున్నవని జర చెప్పొద్దా," అన్నాడు ఉప్పలయ్య. "నాకు గుండె ఆగినంత పనైంది. తాళం పలగ్గొడదామంటే ఒక్కడు ముంగటికి రాలే."

"పలగ్గొట్టక్కర్లేదు అన్నయ్యా," అంది సూర్యకళ. చేతిలో తాళం చూపించింది. కొక్కెం తెరుచుకునే ఉంది. "నేను నొక్కలేదు. ఊరికే తగిలించి వెళ్ళాను. ఎవరు లాగినా ఊడొచ్చేది."

ఇంతమంది కర్రలు పట్టుకుని నిలబడ్డారు గానీ ఆ తాళాన్ని ఒక్కడూ ముట్టుకోలేదు. భయంలో నాకు తోడు ఇంతమంది ఉన్నారని తెలిసి మనసుకి కొంచెం హాయిగా అనిపించింది.

ఎందుకు నొక్కలేదే అని అడిగాను. మనుషులు లోపలుండగా బయట తాళం వేయరాదని మీ పుస్తకం మొదటి పేజీలోనే ఉందండీ అంది. గడియ పెట్టడం కూడా తప్పేనని, వ్రతంలో కూర్చున్నంతసేపూ తన ప్రాణం ఇక్కడే ఉందని, ప్రసాదం కూడా తినలేదని చెప్పింది. నేను తల దించుకున్నాను.

ఆ తర్వాత నా చదువంతా వంటింట్లోనే. ఆమె పోపు పెడుతూ ప్రశ్నలడిగేది. ఉప్పలయ్య బెల్లు కొట్టి, నిప్పంటుకుంటే ముందుగాల ఏం జేస్తవ్ అని అడిగి, జవాబు విని పోయేవాడు. తప్పు చెబితే కూర్చునేవాడు. అందుకే త్వరగా నేర్చుకున్నాను.

నోటి పరీక్షలో ఒక పెద్దాయన, బయట గడియ పడిపోయి నువ్వు లోపల చిక్కుకుంటే ఏం చేస్తావని అడిగాడు. కంగారుపడకుండా కిటికీ దగ్గరికి పోయి, ముఖానికున్న మాస్కు తీసి, పేరు చెప్పి సాయం పిలవాలన్నాను. ఇంకేమైనా ఉందా అన్నాడు.

"బంగారం ఎక్కడుందో చెప్పకూడదు సార్," అన్నాను.

ఆయన చాలాసేపు నవ్వాడు. నేను పాసయ్యాను. అన్నోజిగూడ తప్పింది.

ఇంటికొచ్చి సూపర్‌వైజర్నయ్యానని, జీతం పెరిగిందని చెప్పి, ఆ సంతోషంలో బంగారు గొలుసు తీసి వేసుకోవే అన్నాను. సూర్యకళ లోపలికి పోయి, తలుపు దగ్గరకి వేసుకుని, గొలుసుతో బయటికి వచ్చింది. ఇప్పుడు ఎక్కడ దాచావే అంటే, మీకెందుకండీ, మళ్ళీ భయమేస్తే అరుస్తారు అంది. ఫ్యాక్టరీలో మూడు షెడ్ల సేఫ్టీ ఇవాళ నా చేతిలో ఉంది. మా ఇంట్లో బంగారం ఎక్కడుందో మాత్రం నాకు తెలియదు.