ఎడమ చెయ్యి, మధ్యవేలు, గోరు క్షేమం

ఈ లోకంలో మన వేళ్లను నిజంగా ప్రేమించేది కన్నతల్లి కాదు, కట్టుకున్న మొగుడు అంతకన్నా కాదు. ఆసుపత్రి బిల్లింగ్ విభాగం! నవ్వకండి. ఈ వారపత్రికలో ఇన్నేళ్లుగా రాస్తున్న ఈ మార్లిస్ మీకెప్పుడైనా అబద్ధం చెప్పిందా? వాతావరణం గురించి తప్ప?

మా అమ్మ కాలంలో వేలు తెగితే డాక్టరు గుడ్డ చుట్టి ఇంటికి పొమ్మనేవాడు. అదీ ఒక వైద్యమేనా? ఇప్పుడు చూడండి, ఎంత ఆప్యాయత! ఏ చెయ్యి? బొటనవేలా, మామూలు వేలా? గోరు చెడిందా, క్షేమమా? లోపల ముక్కేమైనా ఉండిపోయిందా? తెగినప్పుడు వంటింట్లో ఉన్నారా, కోళ్లగూట్లో ఉన్నారా? ఊలు అల్లుతున్నారా? ప్రతి జవాబుకూ బిల్లులో వేసే ఒక కోడ్ నంబరు. నన్ను పెళ్లాడే ముందు మా ఆయన కూడా ఇన్ని ప్రశ్నలు అడగలేదు.

బాతు కరిస్తే ఒక కోడ్, బాతు కొడితే ఇంకో కోడ్! పక్క ఫారంలో ఉండే వెర్నాను కిందటేడు బాతు ముందు కొట్టి, తర్వాత కరిచింది. ఆమె మొగుడు పడీ పడీ నవ్వాడు. మా క్లినిక్‌లో కోడ్‌లు వేసే డార్లా మాత్రం పెదవి కూడా కదపకుండా రెండూ నమోదు చేసింది. మర్యాదంటే అదీ!

పైగా మా మినెసోటా వాళ్లకు ఈ ప్రశ్నలు మరీ అవసరం. ఇక్కడ ఎలా ఉన్నావని ఎవరైనా అడిగితే "పర్లేదు" అనాలి. బాగున్నానంటే గొప్పలకు పోయినట్టు, బాగాలేనంటే గొడవ పెట్టుకున్నట్టు. ట్రాక్టరు కింద పడ్డవాడు కూడా పర్లేదనే అంటాడు. అందులో మా ఆయన ఓర్లిన్ అందరికీ గురువు.

జనవరిలో గడ్డకట్టిన చెరువు మీద చేపలు పట్టే గుడిసెలో కూర్చుని వాలై చేపలు కోస్తుంటే కత్తి జారి ఆయన వేలు తెగింది. తువ్వాలు చుట్టుకుని, మిగిలిన చేపలన్నీ కోసి, అప్పుడు ఇంటికొచ్చాడు. నేనే లాక్కెళ్లాను క్లినిక్‌కి.

"ఎలా ఉంది ఓర్లిన్ గారూ?" అంది డార్లా, కంప్యూటరు మీద వేళ్లు పెట్టుకుని.

"పర్లేదమ్మా."

"లోతుగా దిగిందా?"

"ఇంతకన్నా ఘోరమైనవి చూశాంలే."

"వేలు కదులుతోందా మరి?"

"మిగతావి కదుల్తున్నాయిగా!"

డార్లా ఆయన చెప్పింది నమ్మి టైపు చేసేసింది. ఎడమ చెయ్యి, మధ్యవేలు, పైపైన గీరుకుంది, గోరు క్షేమం. బయట జనం బారులు తీరి ఉన్నారు. కుర్ర డాక్టరు కంప్యూటరు తెర చూసి, పై చర్మానికి రెండు కుట్లేసి పంపించాడు. వేలిని వంచి చూడమని ఎవరూ అనలేదు. తెర మీద అంత వివరంగా ఉండగా వేలితో పనేముంది?

ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక ఓర్లిన్ ఎడమచేత్తో కాఫీ కప్పు పట్టుకున్నాడు. మిగతా వేళ్లన్నీ కప్పును చుట్టుకున్నాయి. మధ్యవేలొక్కటే పాస్టరు గారి ముఖానికి ఎదురుగా నిటారుగా లేచి నిలబడింది! జీవితంలో ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి, చర్చిలో వేలితో బూతు! పాస్టరు గారు ఆ వేలు వైపు కాసేపు చూసి, "వాన వచ్చేలా ఉంది" అన్నారు. జనవరిలో!

ఫార్గో పట్నంలో చేతుల సర్జన్ దగ్గరికి పరుగెత్తాం. వేలిని లోపలి నుంచి లాగే తాడు తెగిపోయిందని, వారం పది రోజుల్లో కుట్టకపోతే ఇక ఆ వేలు వంగదని చెప్పింది ఆవిడ. ఓర్లిన్ శనివారాల్లో ఊరి హాల్లో అకార్డియన్, అదే మెడకు తగిలించుకునే హార్మోనియం లాంటిది, వాయిస్తాడు. ఎడమచేతి వేళ్లు వంగకపోతే దాన్ని అటకెక్కించాల్సిందే. ఆ మనిషి నోరు తెరిచి చెప్పని మాటలన్నీ అందులోంచే నాకు వినిపిస్తాయి.

ఇక బీమా కంపెనీ. గీరుకుపోయిన వేలికి ఆపరేషన్ దేనికని వాళ్ల సందేహం. న్యాయమైన సందేహమే!

"మా రికార్డు ప్రకారం వేలికి ఏమీ కాలేదు మేడమ్" అంది ఫోన్లో ఒక గొంతు.

"రికార్డుకేం కాలేదు తల్లీ, వేలికే అయింది!" అన్నాను.

పాపం డార్లా ఏడ్చినంత పనిచేసి కోడ్ మార్చి పంపింది. అంతలోనే గాయం ఎలా పెరిగిందని వాళ్లకు కొత్త అనుమానం. పరిశీలన అన్నారు, పునఃపరిశీలన అన్నారు. నేను వాళ్లు ఆగమని వినిపించే సంగీతం వింటూ ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. సర్జన్ చెప్పిన గడువు కరిగిపోతోంది. ఓర్లిన్ అకార్డియన్ పెట్టె మూత తీసి, తుడిచి, మళ్లీ మూసేవాడు. నాకు ఏడుపొచ్చేది. అయినా ఏమాటకామాటే చెప్పుకోవాలి, మా ఇంట్లో ఒక వేలి గురించి ఇంతమంది ఇంతగా ఆలోచించడం అదే మొదలు!

చివరికి, గడువు ఇంకా ముగియకముందే, కంపెనీ తరఫున బ్రెంట్ అనే అతను వీడియో కాల్‌లోకి వచ్చాడు. టై కట్టుకున్నాడు, చిన్నవాడే.

"సర్, పిడికిలి బిగించి కెమెరాకు దగ్గరగా చూపిస్తారా?"

ఓర్లిన్ గొంతు సవరించుకుని ఎడమ చెయ్యి ఎత్తి పిడికిలి బిగించాడు. తెర నిండా ఆ ఒక్క వేలే!

బ్రెంట్ టై సవరించుకున్నాడు. "అర్థమైంది సర్. ఆపరేషన్‌కి ఇప్పుడే అనుమతి ఇచ్చేస్తున్నా" అన్నాడు.

అంతే! నిమిషం కూడా పట్టలేదు. బాతు కొట్టిందో కరిచిందో కూడా తేల్చగల ఇంత మహా ఏర్పాటులో, ఒక మనిషి ఇంకో మనిషి వేలిని కళ్లతో చూడటానికి ఇన్నాళ్లు పట్టింది. ముందే చూస్తే ఏం పోయేదని అడక్కండి. వేలిని చూడటం మొదలుపెడితే ఇక కోడ్‌లెందుకు?

"ఇక చెయ్యి దించెయ్యొచ్చు సర్" అన్నాడు బ్రెంట్.

ఓర్లిన్ కెమెరా వైపు ప్రశాంతంగా చూశాడు.

"తొందరేముంది బాబూ" అన్నాడు. "ఇంకాసేపు ఉంచుతా."