పొగాయన ఎంచిన స్కాచ్

కొత్త డైరెక్టరుగారు మంచినీళ్ళయినా వాసన చూడందే నోట పెట్టరని పక్కింటావిడకు ఎవరో చెప్పారట. ఆ చెప్పినావిడకు ఆఫీసులో టైపిస్టు చెప్పిందట. టైపిస్టుకు ఎవరు చెప్పారని అడిగే ఓపిక ఎవరికీ లేకపోయింది. నోరు మారినకొద్దీ కబురుకు కాళ్ళొస్తాయంటారు. ఇది కిటికీ దాటి వచ్చేసరికి బూట్లు కూడా తొడుక్కుంది.

"ఆయన మామూలు మందు ముట్టడట వదినా! సింగిల్ మాల్ట్ స్కాచే కావాలట. మంచిది పోసినవాళ్ళకి మంచి సీటు, నాసిరకం పోసినవాళ్ళకి ఆ దూరపు గిడ్డంగి. నాకెందుకులే గానీ, చెప్పకుండా ఉండలేక చెప్పా" అని ఆవిడ పొద్దున్నే తన కడుపుబ్బరం దించుకుని వెళ్ళిపోయింది.

ఆ కబురు విన్న ఇల్లాలి భర్త అగ్నిమాపక శాఖలో తనిఖీ అధికారి. వీధివాళ్ళు ఆయన్ని పొగాయన అంటారు. పెళ్ళికి పిలిచినా సరే, ముందు గోడమీది స్విచ్చులు వాసన చూసి తర్వాత పెళ్ళికొడుకుని పలకరించే మనిషి. మందు మాత్రం పుట్టి బుద్ధెరిగి ముట్టలేదు. ఆ సాయంత్రం డైరెక్టరుగారు వాళ్ళింటికి భోజనానికి వస్తున్నారు. ఊరికి దూరంగా ఉన్న గిడ్డంగికి మంటల కాపలాకు ఎవరో ఒకర్ని పంపాలని శాఖలో అనుకుంటున్నారు. ఆ ఎవరో ఒకరు తాను కాకూడదని పొగాయన కోరిక. ఎందుకంటే ఇల్లాలు ఎన్నాళ్ళో కలలు కని, కింది గదిలో ఈమధ్యే కుట్టు దుకాణం తెరిచింది. మిషన్లు కొత్తవి, గిరాకీ కొత్తది, ఆవిడ కోపం మాత్రం పాతది.

"బదిలీ అయితే నేను రాను. ముందే చెబుతున్నా" అంది ఆవిడ, నోట్లో గుండుసూదులు పెట్టుకునే.

"అంతదాకా రానిస్తానా? మంచి సీసా తెస్తే సరి."

"మీకేం తెలుసని తెస్తారు? మా తమ్ముణ్ణి తీసుకెళ్ళండి."

ఆ తమ్ముడు, అంటే పొగాయన బావమరిది, వీధిలో 'అన్నీతెలుసు'గా ప్రసిద్ధుడు. వాడికి తెలియనిది ఒక్కటే: తనకేం తెలియదో.

మందు దుకాణంలో గోడనిండా సీసాలు దొరబాబుల్లా నిలబడి ఉన్నాయి. అన్నీతెలుసు పిల్లను చూడ్డానికి వచ్చిన పెద్దమనిషిలా చేతులు వెనక్కి కట్టుకుని, "వయసెంత? పుట్టిల్లెక్కడ? రంగు సహజమేనా?" అని మొదలుపెట్టాడు.

దుకాణదారు ఆవలింత ఆపుకున్నాడు. "సింగిల్ మాల్ట్ అంటే ఒకే బట్టీలో తీసిన సరుకండీ. మొలకెత్తిన బార్లీ తప్ప ఇంకో గింజ ఉండదు. పీపాల్లో ఏళ్ళ తరబడి ఊరుతుంది. ఇది తేనెలా ఉంటుంది, ఇది ఎండుపళ్ళలా ఉంటుంది. ఇదిగో, ఇది మాత్రం పొగ. ఆ బార్లీని బురదనేలల్లో దొరికే మండే మట్టిగడ్డలు కాల్చిన పొగమీద ఆరబెడతారు. వచ్చేవారి ఇష్టం తెలియకపోతే తేనెది తీసుకోండి, తిట్టుండదు."

మూడు బిరడాలూ పొగాయన ముక్కు దగ్గర పెట్టాడు. మొదటి రెండూ ఆయనకు ఒకలాగే ఉన్నాయి. మూడోది తగలగానే వెన్ను నిటారైంది.

"కాలిన వైరు! దాంట్లో తడిసిన దుంగ, కాస్త ఆసుపత్రి."

"అబ్బో, బాగా పట్టారే!" అన్నాడు దుకాణదారు, నిజంగానే మెచ్చుకుంటూ.

బతుకంతా కాలిన వాసనలు పసిగట్టినవాడికి తేనె మీద ఏం అధికారం ఉంటుంది? తనకు తెలిసిన వాసనే మంచి వాసన అనుకున్నాడు. అందులోనూ బాగా ఘాటైనది, పదహారేళ్ళు ఊరినది ఎంచి, పసిబిడ్డను తెచ్చినట్టు గుండెకు హత్తుకుని ఇంటికి తెచ్చాడు. దాన్ని బీరువాలో పెట్టి తాళంచెవి తలుపుకే వదిలేసి, సాయంత్రం కాగానే స్నానానికి వెళ్ళాడు. కొరివితో తల గోక్కోవడానికి ఆ తాళంచెవి చాలింది.

అన్నీతెలుసుకు ఒక్కసారిగా జాలి పుట్టింది. పదహారేళ్ళు ఊపిరాడకుండా ఉన్న ప్రాణి! ముందుగా గాలి తగలకపోతే రుచి విచ్చుకోదని వాడు ఎక్కడో విన్నాడు. అది ద్రాక్షసారా గురించి చెప్పిన మాట అని మాత్రం వినలేదు. వెడల్పాటి గాజు గిన్నె తీసి, సీసా మొత్తం అందులో బోర్లించాడు. వంటింట్లో పెడితే కూరల వాసన పడుతుంది, హాల్లో పెడితే అక్క చూస్తుంది. నడవలో కరెంటు బోర్డు పైన, కిందినుంచి కనబడనంత ఎత్తులో చిన్న అరుగులాంటి అర ఉంది. చల్లగా ఉంటుందని అక్కడికి ఎక్కించి, ఎదురుగా టేబుల్ ఫ్యాను తిప్పి, సరైన గ్లాసులు కొనడానికి బజారుకు పోయాడు. ఎవరికీ చెప్పలేదు. తెలిసినవాడు చెప్పి చేయడు కదా.

పొగాయన తల తుడుచుకుంటూ నడవలోకి వచ్చాడు. రెండడుగులు వేసి ఆగాడు. ముక్కుపుటాలు అదిరాయి. బోర్డు దగ్గరికి వెళ్ళాడు. కాలిన వైరు! గోడమీద చెయ్యి పెట్టాడు. అప్పటిదాకా ఎండ పడిన గోడ, వెచ్చగానే తగిలింది. ఇక బీరువా గుర్తుకు రాలేదు, డైరెక్టరు గుర్తుకు రాలేదు. ఒంటిమీద తువ్వాలే ఉందన్న సంగతి కూడా గుర్తుకు రాలేదు.

"ఎక్కడివాళ్ళక్కడ బయటికి! ఏదీ పట్టుకోవద్దు! పరిగెత్తొద్దు, నడవండి!" అని అరుస్తూ తాను మాత్రం పరిగెత్తాడు.

మెయిన్ కట్టేశాడు. మెట్లు దిగి దుకాణంలోకి దూకాడు. ఒక లాయరుగారు కొత్త కోటు ఒక చేతికి తొడుక్కుని, రెండో చెయ్యి చాచి కొలతలిస్తున్నాడు. ఆయన్ని అదే భంగిమలో వీధిలోకి తోశాడు.

"ఏమైందండీ?" అంది ఇల్లాలు.

"గోడలో మంట!"

"నా మిషన్లు!"

"మిషన్లు తర్వాత, మనుషులు ముందు! నడువు!"

పక్కింటావిడకు కూడా పొగ వాసన తగిలింది. మంటలార్పే ఆయన ఇంట్లోనే మంట అంటే మాటలా? ఆవిడ వెంటనే ఫోన్ చేసి ఫైరింజన్ను పిలిచింది. ఆ తర్వాత మరో ఆరుగురికి ఫోన్ చేసి చూడ్డానికి రమ్మంది.

పొగాయన మళ్ళీ పైకెక్కి, మంటలార్పే సిలిండర్ పిన్ను లాగి బోర్డు మీదికి ఎత్తాడు. తెల్లటి పొడి బుస్సున చిమ్మింది. బోర్డు తెల్లబడింది, నడవ తెల్లబడింది, భర్త మాట వినకుండా వెనకే వచ్చిన ఇల్లాలి జుట్టు ఒక్క దెబ్బతో ముసలిదైంది. సిలిండర్ ఖాళీ అయ్యేదాకా ఆయన వదల్లేదు.

ఫైరింజనూ డైరెక్టరుగారి కారూ వీధి మలుపులో ఒకదానికొకటి దారిస్తూ వచ్చాయి. గొట్టాలతో దూకిన సిబ్బంది డైరెక్టర్ని చూసి, గొట్టాలు వదల్లేక, సెల్యూట్ మానలేక అవస్థపడ్డారు. ఆయన వాళ్ళను ఆగమని చెప్పి మెట్లెక్కి నడవలో నిలబడ్డారు. కళ్ళు మూసుకుని మెల్లగా ఊపిరి పీల్చారు.

"మంట కాదే ఇది. పీపాలో ఊరిన పొగ. పదిహేనేళ్ళకు తక్కువుండదు" అన్నారు, చిన్ననాటి స్నేహితుడు ఎదురైనట్టు.

స్టూలెక్కి గిన్నె దించారు. పైన పొడి మీగడలా కట్టి ఉంది. చూపుడువేలు ముంచబోయి, ముంచలేక, శవాన్ని దించినట్టు గిన్నెను నేలమీద పెట్టారు.

అప్పుడే అన్నీతెలుసు గ్లాసుల పెట్టెతో మెట్లెక్కి వచ్చాడు. "బావా, దొరికాయి! గాలి బాగా తగిలిందా?"

పొగాయన వాడివైపు చూసిన చూపుకు ఇంకో సిలిండర్ కావలసి వచ్చేదే. గిడ్డంగి ఖాయమైపోయిందని ఆయనకు అర్థమైంది. తువ్వాలు బిగించుకుని తలవంచుకున్నాడు. కానీ డైరెక్టరుగారి ముఖంలో కోపం లేదు.

"ఎంతసేపట్లో ఇల్లు ఖాళీ చేయించావయ్యా?"

"తల తుడుచుకునేంతలో సార్."

"తాగుతావా?"

"లేదు సార్. ఎప్పుడూ ముట్టలేదు."

"నీలాంటివాడి కోసమే నెలల తరబడి వెతుకుతున్నాను!"

పొగాయన గుండెల మీంచి బండ దిగింది. మిషన్లు నిలిచాయి, దుకాణం నిలిచింది, కాపురం నిలిచింది. ఇల్లాలి వైపు చూసి, పొడి పట్టిన మీసాల్లోంచే నవ్వాడు.

"ఆ దూరపు గిడ్డంగిలో నేలనుంచి కప్పుదాకా విస్కీ పీపాలేనయ్యా" అన్నారు డైరెక్టరుగారు. "ఇప్పటిదాకా పంపినవాళ్ళంతా ఆ వాసన తగిలితే గ్లాసు పట్టుకుని పరిగెత్తారు. సిలిండర్ పట్టుకుని పరిగెత్తినవాణ్ణి నిన్నే చూశాను. రేపే ఆర్డరు వేస్తాను."

నవ్వు మీసాల్లోనే ఉండిపోయింది. "సార్, నా ముక్కు పనికిరాదు సార్! విస్కీని పట్టుకుని వైరన్నాను! పొద్దున కొట్లో చూసిన వాసన, సాయంత్రానికి గుర్తుపట్టలేకపోయాను! నాకంటే మా పక్కింటావిడ నయం!"

"అదేనయ్యా నాక్కావలసింది! విస్కీ అని గుర్తుపట్టినవాడు అక్కడ పనిచేయడు" అని డైరెక్టరుగారు భుజం తట్టారు. తెల్లటి పొడి లేచింది. ఇల్లాలి వైపు తిరిగి, "ఏమ్మా, ఆయన్ని పంపడానికి మీకేం అభ్యంతరం లేదుగా?" అన్నారు.

ఆవిడ తెల్లబడిన తన జుట్టు దులుపుకుంది. తువ్వాల్లో ఉన్న భర్తను చూసింది. గ్లాసులు పట్టుకున్న తమ్ముణ్ణి చూసింది.

"ఒక్కర్నే ఎందుకండీ, ఇద్దర్నీ తీసుకుపొండి. నా దుకాణం నేను చూసుకుంటా."