నాలుగు బుర్రల్లో ఒక సాయంత్రం

కొత్త కంప్యూటరు డిస్కులకు నిధులు రాలేదు కనుక, వెదుళ్ళపాలెం మండల రికార్డులన్నిటినీ ఆఫీసులో పనిచేసే నలుగురి బుర్రల్లోకి ఎక్కించారు. ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు. కుర్చీ కాలు విరిగితే ఇటుక పెట్టుకునే ఆఫీసది. బుర్రలు ఎలాగూ జీతం తీసుకుంటున్నాయి, పైగా కరెంటు తినవు అని జిల్లా ఉత్తర్వులో రాశారు.

ఆ నలుగురూ సీనియర్ అసిస్టెంటు కామేశం, సర్వేయరు జోజిబాబు, టైపిస్టు సత్యవేణి, అటెండరు నూకాలమ్మ. ఏర్పాట్లు చూడ్డానికి ఫణిభూషణం అనే ఇంజనీరు వచ్చాడు. మండలంలో ఉన్న పదహారు శాఖలకీ తలా ఒక నిండు బుర్ర కేటాయించినట్టు కాగితం మీద రాశాడు.

"ఉన్నవి నాలుగే కదండీ," అన్నాడు కామేశం.

"వెయ్యి శుభలేఖలు పంచినవాడు వెయ్యి విస్తళ్ళు వేస్తాడా మాస్టారూ? వచ్చినవాళ్ళకే వడ్డన. ఇదీ అంతే. ఇచ్చేశామని అందరికీ చెప్తాం. సరుకు వచ్చినప్పుడే జాగా ఇస్తాం."

కామేశానికి ఈ సమాధానం నచ్చింది. ప్రభుత్వ పథకాలన్నిటినీ ఆయన అలాగే అర్థం చేసుకుంటూ వచ్చాడు.

రెండో ఏర్పాటు భద్రత కోసం. నాలుగు బుర్రల్లో మూడు బుర్రల సరుకే పెట్టాలి. మిగిలిన జాగాలో అందరి సరుకునూ కలిపి కట్టిన లెక్క ఉంచాలి. ఒకరు దెబ్బతింటే మిగతా ముగ్గురినీ కూర్చోబెట్టి లెక్క కడితే పోయింది తిరిగొస్తుంది. వీళ్ళకిది కొత్తేం కాదు. మధ్యాహ్నం క్యారియర్లు విప్పితే ఒకరి కూర నలుగురి మూతల్లోకీ వెళ్ళేది, ఎవరు అన్నం మర్చిపోయి వచ్చినా ఆకలితో లేచింది లేదు. షరతల్లా ఒకేసారి ఇద్దరు సెలవు పెట్టకూడదని. జోజిబాబు టైఫాయిడ్‌తో పడుకున్నప్పుడు ముగ్గురూ కలిసి అతని సర్వే నంబర్లన్నీ గడగడా చెప్పేశారు. కాస్త జ్వరం కూడా తగిలింది గానీ మాత్రలతో తగ్గిపోయింది.

మరి జాగా ఎక్కణ్ణుంచి వస్తుందయ్యా అంటే, మనిషి ఈమధ్య తలుచుకోనిదంతా ఖాళీ కింద లెక్క. కామేశానికి రెండో అల్లుడి పేరు పోయింది. పెద్ద నష్టమేం కాదన్నాడు. నూకాలమ్మకి ఆడపడుచుతో గొడవ ఎందుకొచ్చిందో పోయింది, గొడవ మాత్రం ఉండిపోయింది.

అంతలో పింఛను దరఖాస్తులకి ఆఖరు తేదీ ప్రకటించారు. శుభలేఖ అందిన పదహారు శాఖలూ ఒకేసారి పెళ్ళికి తరలివచ్చాయి. బుర్రలు నిండిపోయాయి. నాలుగోవంతు ఎప్పుడూ ఖాళీ ఉంచాలనీ, ఐదో బుర్ర కావాలనీ ప్లానులో ముందే రాశానని ఫణిభూషణం మొత్తుకున్నాడు. ఐదో బుర్ర పరిశీలనలో ఉందని పైనుంచి జవాబొచ్చింది. అంతవరకూ రోజూ తలుచుకునేవి కూడా ఖాళీ కిందే వేసుకోమన్నారు.

సత్యవేణికి భయం పట్టుకుంది. ఆవిడ దగ్గర ఒక సాయంత్రం ఉంది. చనిపోయిన భర్త అప్పలరాజు ఏటిగట్టు మీద మోపెడ్ నేర్పిన సాయంత్రం. ఆయన లారీ డ్రైవరు, ఫొటోకి నిలబడే ఓపిక లేని మనిషి. ఆయన తాలూకు మిగతావన్నీ అప్పటికే రేషను కార్డుల కిందికి పోయాయి. ఇక ఇదొక్కటే.

"సార్, అదొక్కటీ వదిలేయండి," అని ఇంజనీరుని అడిగింది.

"బొమ్మా, శబ్దమా అమ్మా?"

"రెండూనండి. పెట్రోలు వాసన కూడా."

"అయ్యో, వాసన చాలా జాగా తింటుందమ్మా. ఒక ఊరి ఇంటిపన్ను రసీదులన్నీ పడతాయి అందులో." అతను చెడ్డవాడేం కాదు. కాసేపు ఆలోచించాడు. "సొంత సరుకుకి భద్రత రూల్సులో లేదు. కానీ మీవాళ్ళు తలా కాస్త సర్దుకుంటానంటే నేను చూడనట్టు ఊరుకుంటా."

ఆ మధ్యాహ్నం అన్నాల దగ్గర సత్యవేణి మొత్తం చెప్పింది. గట్టూ బండీ కామేశం తీసుకున్నాడు. అప్పలరాజు మాటలు జోజిబాబుకి వెళ్ళాయి. నవ్వూ వాసనా నూకాలమ్మ తీసుకుంది. జాగా కోసం ఆవిడ గొడవని కూడా వదులుకుంది. ఈవిడ ఎందుకు మంచిగా మాట్లాడుతోందా అని ఆడపడుచు ఇప్పటికీ కంగారు పడుతోందట.

సత్యవేణి బుర్రలోంచి ఆ ఏటిగట్టు సాయంత్రం ఏ రోజున పోయిందో ఎవరికీ తెలీదు. పోయినట్టు ఆవిడకే తెలీదు కదా. వీధిలో మోపెడ్ చప్పుడైనా ఆవిడ తలెత్తకపోవడం నూకాలమ్మ కనిపెట్టింది. వెంటనే ఫణిభూషణాన్ని పిలిచి, అన్నాల దగ్గర సత్యవేణిని మధ్యలో కూర్చోబెట్టి, ముగ్గురూ లెక్క కట్టడం మొదలెట్టారు.

ఎర్రటి ఏటిగట్టు, దాని మీద వంకరగా పోతున్న మోపెడ్ గురించి కామేశం చెప్పాడు. వెనక కూర్చున్న మొగుడి మాటని జోజిబాబు గొంతు మార్చి అన్నాడు: "ఏటే, నువ్వు కళ్ళు మూసుకుంటే బండి ఆగిపోద్దేటి?" బండి గడ్డివాములో దూరడం, తలనిండా గడ్డితో లేచి అతను నవ్విన నవ్వూ, చీరంతా అంటుకున్న పెట్రోలు వాసనా నూకాలమ్మ అందించింది. అందరికీ ఒకటే నవ్వు.

"ఒక్క ముక్క పోలేదు. నూటికి నూరు," అని ఫణిభూషణం టిక్కు పెట్టాడు. అంత పక్కాగా కుదిరిన లెక్క తన సర్వీసులోనే లేదని పొంగిపోయాడు.

సత్యవేణి కొంగుతో కళ్ళొత్తుకుంటూ నవ్వుతోంది. "భలేవాడే ఆ మొగుడు! ఎవరి ఇంట్లో జరిగిందండీ ఇది?"

కామేశం క్యారియరు గిన్నెలు ఒకదాని మీద ఒకటి పేర్చుకున్నాడు.

"ఇప్పుడెక్కడున్నాడు ఆయన?"

"డూటీ మీద దూరం ఎల్లాడమ్మా," అంది నూకాలమ్మ.

"పాపం, ఆవిడ ఎదురుచూస్తూ ఉంటుందేమో."

"నేదమ్మా. ఆయమ్మ బాగానే ఉంది. పనిలో పడిపోనాది."

"అంతేలే," అని సత్యవేణి చెయ్యి కడుక్కుని, కౌంటరు దగ్గర వరసలో ఉన్నవాళ్ళని పిలవడానికి వెళ్ళింది.